మంత్రిగారి నెత్తిమీద ఎండుచేపలు

దగ్గరికి జరగండమ్మా. ఆ వెనక గోడకు చేరగిలబడ్డవాళ్లూ ఇటు రండి, లేకపోతే సగం కథ గోడే వినేస్తుంది. లోకాలన్నీ కాచే ఆ నారాయణుడికి ఒక్క దండం పెట్టుకుందాం. ఆఁ, ఇక వినండి.

కొండల మధ్య నడిమిసీమ అనే చిన్న రాజ్యం. దానికి రాజు అనంగభూపాలుడు. పడమట ఉన్న విరూపగిరి రాజుకీ, తూర్పున ఉన్న కలువకొలను ఊరివాళ్లకీ యుద్ధం వచ్చింది. మన రాజు గుళ్లో దీపం ముందు ఒట్టు వేశాడు. "నేను ఎవరి పక్షమూ కాదు. ఎవరి కత్తికీ నా రాజ్యంలో దారి లేదు" అన్నాడు.

ఒట్టు బాగానే ఉంది. కానీ విరూపగిరివాళ్ల దగ్గర పొగతిత్తులున్నాయి. పెద్ద పట్టుతిత్తి నిండా వేడిపొగ పట్టించి, కింద బుట్ట కట్టి, గాలివాలున వదిలేవారు. ఆ బుట్టల్లో నిప్పుబాణాలతో ఎక్కి, నడిమిసీమ కనుమ మీదుగా, మన రైతుల నెత్తిమీద నుంచే పోయి, కలువకొలనులో నేతగాళ్ల వీధిని కాల్చేశారు.

ఆ ఊరి పెద్ద మల్లసాని కొండ దిగి కొలువుకు వచ్చింది.

"దొరా, రేపు మళ్లీ పడమటిగాలి తిరుగుతుంది. ఈసారి ఊరే మిగలదు. మీ కనుమలో ఆపండి" అంది.

రాజు గడ్డం నిమురుకున్నాడు. "నా నేలమీద ఒక్క బాణమూ వాలలేదే! మరి ఆకాశం ఎవరిదంటావ్? భలే చిక్కుముడి! ఈ పూట లోపల దీన్ని విప్పినవాడికి నా భుజకీర్తి ఇస్తాను" అన్నాడు.

అవతల ఊరు కాలబోతోంటే ఈయనకు చిక్కుముళ్ల సరదా. రాజులు కదా మరి!

మంత్రి వాగీశుడు చటుక్కున లేచాడు. ఆయన నెత్తిమీద ఒక పట్టుగొడుగు. విరూపగిరి రాజు కానుకగా పంపింది. ఎండ చొరని కొలువులో కూడా దాన్ని మడవడు.

"మహారాజా, మన రాజ్యం నేల వరకే. ఆ పైనంతా దేవుడి సొత్తు. దేవుడి దారికి మనం అడ్డం నిలవడమా, హరిహరీ! పంపినవాడిది పాపం, వేసినవాడిది పాపం. ఊరికే చూసినవాడికేం పాపం?" అన్నాడు.

విన్నారా? తప్పించుకోవాలనుకునేవాడికి దేవుడు ఎంత అక్కరకొస్తాడో!

కొలువులో తిప్పన అనే చమత్కారి ఉన్నాడు. వాడు చేతులు కట్టుకుని, "ప్రభూ, మంత్రిగారు భోజనానికి కూర్చునే వేళకు తమరూ, మల్లసానమ్మా ఆయన వసారాలోకి వచ్చి చాటుగా నిలబడండి. ముడి ఆయనే విప్పుతారు" అన్నాడు.

మంత్రిగారి భోజనమంటే మామూలు సంగతి కాదు. పట్టుబట్ట కట్టి, పీట వేసి, పీట చుట్టూ బియ్యప్పిండితో గీత గీయిస్తాడు. ఆ గీత లోపల ఇంకొకరి అడుగు పడకూడదు. కాపలాకి పుల్లయ్య అనే నౌకరు కర్ర పట్టుకుని నిలబడతాడు. మడి మంచిదేనమ్మా, నేనూ కడతాను. ఈయన మడి మాత్రం పీట దాటి పోయేది కాదు.

అరిటాకులో పప్పు వేశారు, నెయ్యి పడింది. మంత్రి ముద్ద కలిపాడు.

తిప్పన పొడుగాటి వెదురుగడ చివర ఒక బుట్ట తగిలించుకుని వచ్చాడు. బుట్ట నిండా ఎండుచేపలు.

"పుల్లయ్యా, గీత తొక్కను, నేల తాకను. ఇటునుంచి అటు పోతుంది, అంతే."

పుల్లయ్య తల గోక్కున్నాడు. "నాకు చెప్పింది కాళ్ల సంగతే బాబూ. పోనీండి."

బుట్ట మెల్లగా ఊగుతూ మంత్రిగారి పిలకమీదుగా సాగింది. ఆయన ముక్కు అదిరింది. తలెత్తి చూశాడు. ముద్ద విసిరికొట్టి ఎగిరి లేచాడు.

"ఛీ ఛీ! ఓరి భ్రష్టుడా! అంతా మైలపడిపోయింది!"

"గీత చెక్కుచెదరలేదు, చూసుకోండి మంత్రిగారూ. ఒక్క చేపైనా కింద పడిందా?"

"గీత నేలమీదుంటే సరా? గీత పైన గాలి కూడా నాదేరా, మూర్ఖుడా!"

"అలాగా! అయితే తప్పు మోసినవాడిదే. పాపం పుల్లయ్య ఊరికే చూశాడు."

మంత్రి పుల్లయ్య మీదికి తిరిగాడు. "కర్ర చేతిలో పెట్టుకుని చూస్తూ ఊరుకుంటావా? ఆపగలిగీ ఆపనివాడికి సగం పాపం, తెలుసా!"

తిప్పన గడ దించి, వసారా వైపు వంగి దండం పెట్టాడు.

"ప్రభూ, ముడి విడింది. గీత పైన గాలి గీత గీసినవాడిదేనట. ఆపగలిగీ ఆపనివాడికి సగం పాపమట."

వసారాలోంచి రాజు ఇవతలికి వచ్చాడు. మంత్రి మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

"మహారాజా! అన్నం వేరు, రాజ్యం వేరు..."

"వేరే మంత్రిగారూ," అన్నాడు తిప్పన.

"ఇక్కడ మీ ఆకులో మెతుకులు. అక్కడ మనుషులు" అని ముగించాడు.

రాజు నవ్వబోయి ఆగిపోయాడు. సిగ్గుతో తల వంగింది. అక్కడికక్కడే సేనాపతిని పిలిపించాడు. "కనుమ మీద ఈ కొండనుంచి ఆ కొండకు వలలు కట్టించు. తెల్లారేసరికి ఒక్క తిత్తి కూడా దాటకూడదు. విరూపగిరికి ఆ మాట నా పేరుతోనే చెప్పు" అన్నాడు. తన చేత్తోనే భుజకీర్తి విప్పి తిప్పన భుజానికి కట్టాడు.

మల్లసాని కళ్లు తుడుచుకుని బుట్టలోకి తొంగిచూసింది.

"ఆ చేపలు పారేయకండి బాబూ. పొద్దుటినుంచీ ఏమీ తినలేదు."

పుల్లయ్య ముందు నవ్వాడు. తర్వాత రాజు, ఆ తర్వాత ఇల్లంతా. మంత్రి ఒక్కడే నవ్వలేదు.

అమ్మా, అయ్యా, అన్నీ మరిచిపోయినా ఒక్కటి గుర్తుంచుకోండి. పక్క ఊరు కాలకుండా ఆ రాజు తన కనుమకు వల కట్టించాడు. ఆ ఒక్క పనీ ఇంటికి వెళ్లాక నలుగురికీ చెప్పండి. మీ నెత్తిమీదుగా అలాంటి బుట్ట పోయిన రోజున, మీరూ చేయండి.