చెత్తమూటలో రెండు గుడ్లు

అనగనగా, మన సముద్రానికి ఆవలి ఒడ్డున, ఆఫ్రికా గడ్డ మీద, ఎండకు నెర్రెలు విచ్చిన ఒక మైదానం. ఆ మైదానంలో ఒక ముళ్ళతుమ్మ. ఆ తుమ్మకొమ్మ మీద మొండితోక పిట్ట కాపురం. గుప్పెట్లో దాగేంత పిట్ట. తోక ఉందంటే ఉంది, లేదంటే లేదు. ఆకు ఆకూ వెతికి పురుగులు ఏరుకు తినడం, కడుపు నిండితే పాట ఎత్తుకోవడం దాని పని.

ఆ పిట్టల ఇంట ఒక ఆచారం ఉంది. సాలెగూటి దారంతో సంచిలాంటి గూడు కట్టి, పైన బెరడు ముక్కలు, ఎండుటాకులు, ఆఖరికి గొంగళిపురుగు పెంటికలు కూడా అంటిస్తాయి. చిన్నప్పుడు పిట్ట "ఎందుకమ్మా?" అని అడిగితే, "మా అమ్మ అలాగే కట్టింది, నువ్వూ అలాగే కట్టు" అంది తల్లి. అంతకుమించి చెప్పలేదు.

ఆ ఏడు పిట్ట రెండు గుడ్లు పెట్టింది. దాని ఆనందానికి పట్టపగ్గాలు లేవు.

గుడ్లు చూడడానికి మొదట నీలిగోరింక వచ్చింది. "ఇదేం ఇల్లే వదినా! ఊడ్చి పోసిన చెత్తలా ఉంది. నలుగురూ నవ్వరూ?" అంది.

తర్వాత గిజిగాడు వచ్చాడు. పచ్చగడ్డితో నిగనిగలాడే గూడు అల్లానన్న గర్వం వాడికి తలకెక్కింది. "ఇంటికి అందం లేదు, ఇల్లాలికి తోక లేదు. భలే కుదిరిందమ్మా ఈ చెత్తమూట!" అని పకపకా నవ్వాడు.

పిట్టకు తల కొట్టేసినట్టయింది. "నా పిల్లలు ఈ చెత్తలోనా కళ్ళు తెరిచేది?" అని ఉక్రోషంతో బెరడు ముక్కలు పీకి పారేయసాగింది. ఒక పక్క ఒలిచేసరికి తెల్లటి సాలెదారం తళతళ మెరిసింది. లోపలి గుడ్ల నీడ కూడా కనబడింది.

అంతలో పైకొమ్మ మీద ఏదో కదిలింది. చెట్టుపాము! గుడ్లంటే చెవి కోసుకునే పాము.

పిట్ట పాముకేసి చూసింది, గుడ్లకేసి చూసింది. ఎగిరిపోతే తను బతుకుతుంది, గుడ్లు దక్కవు. మళ్ళీ చెత్త అంటించే వ్యవధి లేదు. చటుక్కున ఒలిచిన చోటికే ఒళ్ళు అతికించి, కళ్ళు మూసుకుంది. పొడుగు తోక ఉంటే గాలికి రెపరెపలాడి గుట్టు బయటపెట్టేదే. అది లేదు గనక, బూడిదరంగు పిట్ట అచ్చం బెరడు పెచ్చులా ఉండిపోయింది.

పాము ఆగింది. నాలుక చాచింది. పిట్ట ఊపిరి బిగబట్టింది.

"గూడేమో అనుకున్నాను. ఛీ, చెత్తమూట!" అని విసుక్కుంటూ పాము జారిపోయింది.

అదే తిట్టు. కానీ ఈసారి పిట్టకు పాయసం తాగినట్టయింది!

సాయంత్రం పిట్ట పాడుకుంటూ బెరడు ముక్కలు తిరిగి అంటిస్తుంటే, గిజిగాడు మళ్ళీ వచ్చాడు. "ఏమ్మా, ఇంకా చెత్తే అంటిస్తున్నావా?"

"అవునన్నయ్యా, నీ దగ్గర ఉంటే నువ్వూ కాస్త తెచ్చిపెట్టు" అంది పిట్ట, పాట ఆపకుండానే.

కొన్నాళ్ళకు ఆ చెత్తమూటలోంచి రెండు పిల్లలు తలలు బయటపెట్టాయి. "ఇల్లు ఇలా ఉందేమమ్మా?" అని అడిగాయి. ఈ తల్లి మాత్రం కథంతా విడమరిచి చెప్పింది.

నలుగురి మెప్పు కోసం, మనల్ని కాపాడేదాన్ని పీకి పారేసుకోకూడదు.