రాజముద్ర పడిన అర్థం

మాల్యగిరి అని ఒక రాజ్యం. అక్కడ మాటల అర్థాలకు కూడా రాజముద్ర ఉండేది. ఎవరినైనా శిక్షించాలంటే, ఆ నేరానికి ఆస్థాన నిఘంటువులో ఉన్న అర్థాన్ని ముందు సభలో చదవాలి. ముద్ర పడ్డ అర్థాన్ని మార్చే హక్కు రాజుకైనా లేదు.

ఆ నిఘంటువు రాసినవాడు బొల్లన. రాజు దుర్జయదేవుడు 'రాజు' అన్న మాట ఒక్కటే చదివించుకున్నాడు. 'ధర్మస్వరూపుడు' అని విని మురిసిపోయి, మిగతా తాటాకులన్నిటికీ చూడకుండానే ముద్ర వేయించాడు. బొల్లన కడుపుమంటంతా ఆ మిగతా ఆకుల్లోనే ఉంది.

కరువొచ్చింది. రాజు ధాన్యపు కొట్టు తాళంచెవి మొలకు కట్టుకుని తిరిగాడు. పోలమ్మ అనే కుమ్మరి మనిషి ఊరేగింపుకు అడ్డంపడి, "మీ కొట్లో వడ్లు పురుగులు తింటున్నాయి, మా పిల్లలు మట్టి తింటున్నారు!" అని అరిచింది. రాజద్రోహమన్నారు. ఉరి అన్నారు.

"చదవవయ్యా బొల్లనా, భోజనం వేళవుతోంది," అన్నాడు రాజు.

తేడా వస్తే ఉరికొయ్యకు ఇద్దరు. బొల్లన ఆకులు తిప్పాడు.

"శాంతి: కొట్టేవాడు అలిసిపోయి కూర్చున్న కాసేపు. దాత: బస్తా లాక్కుని, పిడికెడు తిరిగిచ్చి, దండ వేయించుకునేవాడు..."

"అవన్నీ ఎందుకయ్యా! ద్రోహం సంగతి చెప్పు!"

"అక్కడికే వస్తున్నా ప్రభూ. రాజద్రోహి: జనం పస్తులుంటే, ధాన్యపు కొట్టు తాళంచెవి తన దగ్గరే ఉంచుకున్నవాడు."

సభ మొత్తం రాజు మొల వైపు చూసింది. తలారి తాడు పట్టుకుని, ఎటు తిరగాలో తెలియక నిలబడ్డాడు.

"ఎవడ్రా ఇది రాసింది?"

"రాత నాది ప్రభూ. ముద్ర తమది."

రాజు నుదుట చెమట పట్టింది. గబగబా తాళంచెవి విప్పి పోలమ్మ ముందుకు విసిరాడు. "ఇది మాకెందుకమ్మా! నువ్వే ఉంచుకో!" అని పగలబడి నవ్వాడు. సభంతా నవ్వింది. బొల్లనకు పట్టుశాలువా కప్పించాడు.

"నవ్వుకేం అర్థం రాశావయ్యా?"

"ఇంకా రాయలేదు ప్రభూ. ఇప్పుడే చూశాను."

బయట పోలమ్మ తాళంచెవి పట్టుకుని నిలబడి ఉంది.

"పదమ్మా, కొట్టు తెరుద్దాం. పిల్లలకు గంజి కాద్దువు గాని," అన్నాడు బొల్లన.

"పెద్దదానికి కాస్తానయ్యా," అంది పోలమ్మ. "చిన్నది పొద్దున్నే పోయింది."

బొల్లన భుజం మీది శాలువా తీసి ఇచ్చాడు. పిల్లకు అందులో సగం చాలింది.