మారెక్క కుంట, హుళిగప్ప బావి

చిన్న కథే, పొయ్యి మీద ఎసరు మరిగేలోపు అయిపోతుంది. అయితే ముందు శేషఫణి సంగతి చెప్పాలి. పట్నంలో చదువుకుని, మా ఊరి మఠంలో ఓబుళేసు సామి దగ్గర శిష్యుడిగా చేరాడు. జ్ఞానం కోసం వచ్చానంటాడు. మఠంలో రాగిసంగటి బాగుంటుందని నేననుకుంటాను. ఇతనికి ముందున్న శిష్యుడు సంగటిలో నెయ్యి తగ్గగానే పెళ్లి చేసుకున్నాడు. అది వేరే కథ.

ఒక ఉదయం శేషఫణి అడిగాడు: "సామీ, మనసులో ప్రేమ లేకుండా చేసిన మేలు, మేలవుతుందా?"

ప్రశ్న అడిగితే సామి జవాబు చెప్పడు, చెప్పులు వేసుకుంటాడు. ఇద్దరూ మారెక్క పొలం వైపు నడిచారు. ఊళ్లో ఏం జరిగినా చూడాల్సిన బాధ్యత నా మీద ఉంది కనుక నేనూ వెనకే వెళ్లాను.

మా ఊరికి వాటర్‌షెడ్ పథకం వచ్చినప్పుడు, వాననీరు ఆపడానికి మెరకన ఒక కుంట తవ్వాలన్నారు. తవ్వకం పథకానిది, స్థలం రైతుది. కుంట కావాలని ఊరంతా ఒకే మాట మీద నిలబడింది, పక్కవాడి పొలంలో. మెరకన ఉన్నది మారెక్క పొలం. "ఆమా? జానెడు నేల గూడా ఇయ్యదు" అన్నాడు పథకం సంఘం మీటింగులో హుళిగప్ప. అతనిది ఆమె కింది పొలం, వరసకు మరిది. గట్టు మీది కానుగ చెట్టు ఎవరిదని మొదలైంది వాళ్ల తగాదా. చెట్టు ఎప్పుడో పడిపోయింది. మాటలు మాత్రం మళ్లీ మొదలు కాలేదు. అతని మాట అబద్ధం చేయడానికే మారెక్క వేరుశనగ బాగా పండే మూలను కుంటకు ఇచ్చేసింది.

వాన పడితే కుంట నిండేది. మనం చూసి మెచ్చుకునేలోపు ఇంకిపోయేది. వేసవికి నీళ్లు లేకపోతే ఆమె చీనీ చెట్లు, అంటే బత్తాయిలు, చస్తాయి. ఆ ఇంటికి ఉన్న ఆధారం ఆ తోటే. అందుకని కుంట అడుగున పరిచి నీళ్లు నిలపడానికి సంఘం నీలం ప్లాస్టిక్ పట్ట తెప్పించింది. మేం వెళ్లేసరికి దాన్ని విప్పుతున్నారు.

అప్పుడు వినిపించాయి కప్పలు.

కుంటలో కాదు, అది ఎండి ఉంది. హుళిగప్ప పాత బావిలోంచి. అతని తండ్రి కాలంలోనే ఎండిపోయిన బావి అది. ఈమధ్య దాని మీద కంపా చాపలూ కప్పి పెడితే, "బావికి ఘోషా ఏందప్పా?" అని ఊరంతా అతన్ని ఆటపట్టించింది.

ఎవరో చాప లాగారు. అందరం తొంగి చూశాం. నేనే ముందు. బావిలో సగం దాకా నీళ్లు. తేటగా, కదలకుండా, ఆకాశాన్ని మొత్తం లోపల పెట్టుకుని ఉన్నాయి. మారెక్క పొలం వైపు గోడలో, రాళ్ల సందుల్లోంచి సన్నగా ఊట దిగుతూనే ఉంది. ఇన్నేళ్లూ ఆ కప్పలు ఏ మట్టిలో కాచుకుని ఉన్నాయో ఎవరికీ తెలియదు. సామి చెప్పులు విడిచాడు.

హుళిగప్ప తల వంచుకున్నాడు. పట్ట పరిస్తే కుంట నీళ్లు ఇటు ఇంకవని, బావి మళ్లీ ఎండుతుందని అందరికంటే ముందు తెలిసినవాడు అతనే. మారెక్క నీళ్లను చూసి, సామితో అంది:

"పట్ట ఎత్తుకపొమ్మను సామీ. నా నీళ్లతోనే బతుకుతాండాడని ఊరంతా చూడాల."

హుళిగప్ప కూడా సామి వైపే తిరిగాడు. "ఆమె నీళ్లు నాకు ఊరికే అక్కర్లేదని చెప్పు సామీ. మోటారు పెట్టి ముందు ఆమె చెట్లకే కడతా. మిగిలితేనే నా చేనికి."

గొడవ చూద్దామని నిలబడ్డ మేం నిరాశగా ఇళ్లకు వెళ్లాం.

ఆ వేసవిలో చీనీ తోట ఎండలేదు. హుళిగప్ప పొద్దున్నే ఆమె చెట్లకు నీళ్లు కట్టి, ఆమె వచ్చేలోపు వెళ్లిపోయేవాడు. మిగిలిన నీళ్లతో టమాటా వేశాడు. ఇంకా దిగువన, అందరూ చెత్త పోసుకునే బావిలో కూడా చెమ్మ తేలింది. వాళ్లిద్దరూ ఇప్పటికీ మాట్లాడుకోరు.

శేషఫణి మాత్రం వదల్లేదు. "మరి దీన్ని మేలనాలా, వద్దా సామీ?"

"కప్పల్ని అడుగు" అన్నాడు సామి.