గాదె పలికిన సాక్ష్యం

నిదానంవారి ఇంట్లో ఎవరికీ ఏదీ తొందరగా నమ్మే అలవాటు లేదు. ఊళ్ళో మిగతా జనం చెవిన పడ్డదల్లా నమ్మేస్తారనీ, తాము మాత్రం జల్లెడ పట్టిగానీ నమ్మరనీ పెద్దవాడు గవరయ్యకి మహా గర్వం. వాళ్ళ నాన్న పోయేముందు ముగ్గురు కొడుకుల్నీ మంచం దగ్గరికి పిలిచి, "ఒరే, ఒక నోట విన్న మాట నమ్మకండి. మూడు నోళ్ళ విన్నాకే నమ్మండి" అన్నాడు. ఆయన ఏ ఉద్దేశంతో అన్నాడో ఆయనకే తెలియాలి. కొడుకులు మాత్రం ఆ రోజు నుంచీ నోళ్ళు లెక్కపెట్టుకుంటూ బతుకుతున్నారు.

ఒకసారి గవరయ్య పొయ్యి దగ్గర కూర్చుని చుట్ట వెలిగించుకుంటున్నాడు. నడిమివాడు సన్యాసయ్య చూసి, "అన్నయ్యా, నీ పంచెకి నిప్పంటుకుంది" అన్నాడు.

"ఒక నోరు" అన్నాడు గవరయ్య.

భార్య పైడమ్మ చెంబుతో నీళ్ళు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "అయ్యో, కాలుతోందయ్యా!"

"రెండు నోళ్ళు. ఆగు, ఇంకా తేలలేదు" అని ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

చిన్నవాడు ఎర్రయ్య పశువుల్ని తోలుకుని ఇంటికొచ్చి, "ఇదేంటన్నయ్యా, తగలబడుతున్నావు?" అన్నాక గానీ ఆమె చెయ్యి వదల్లేదు. అప్పటికి పంచె సగం పోయింది. మోకాలి మీద గుమ్మడికాయంత బొబ్బ లేచింది. "పోతే పోయింది పంచె. తొందరపడి మోసపోలేదు కదా" అన్నాడు గవరయ్య, మూలుగుతూనే.

అంత తెలివైనవాళ్ళు.

ఆ ఏడు వాళ్ళ వరిచేను విరగపండింది. కంకులు బరువుకి తలలు వంచాయి. పండక ఏమవుతుంది, నాట్లూ కలుపులూ అన్నీ పైడమ్మ దగ్గరుండి చేయించింది. కిందటేటి ధాన్యం ఎప్పుడో అడుగంటింది. పెరట్లో గాదె ఖాళీగా నోరు తెరుచుకుని ఉంది. పూటా చోళ్ళ అంబలి తాగి తాగి పైడమ్మకి విసుగెత్తింది. ఈ చేను ఇంటికొస్తేనే ఏడాదంతా నాలుగు వేళ్ళూ నోట్లోకి పోయేది. లేకపోతే అంబలి కూడా ఉండదు.

సరిగ్గా అప్పుడే ఊరి చాటింపు వేసే పోలయ్య డప్పు కొట్టుకుంటూ వీధిలోకి వచ్చాడు. "ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, తుఫాను వస్తోందహో! పండిన చేలు కోసి ధాన్యం గూటికి చేర్చుకోండహో!"

ఊరంతా కొడవళ్ళు తీసింది. గవరయ్య అరుగు మీద కాలు మీద కాలేసుకుని, "ఒక నోరు" అన్నాడు.

"పక్కింటి సత్తెమ్మ కూడా చెప్పింది. వాళ్ళు అప్పుడే చేలో దిగారు" అంది పైడమ్మ.

"సత్తెమ్మకి ఎవరు చెప్పారు?"

"పోలయ్యే."

"అయితే అదీ పోలయ్య నోరే. వేరేగా లెక్కకి రాదు. ఊళ్ళో వందమంది చెప్పినా ఆ వందా పోలయ్య నోరే."

ఈ తర్కానికి తమ్ముళ్ళిద్దరూ అన్నగారి వంక దేవుణ్ణి చూసినట్టు చూశారు. ఆ ఊపులో ఎర్రయ్యకి కూడా ఒక ఆలోచన వచ్చింది. పాపం, వాడికి అరుదుగా వస్తుంది. "అన్నయ్యా, ఇంకా రాని తుఫాను సంగతి పోలయ్యకి ముందే ఎలా తెలిసింది?"

గవరయ్య కళ్ళు మూసుకుని ఆలోచించాడు. "ఒరే ఎర్రా, మనింటికి చుట్టం వస్తున్నాడని ముందుగా ఎవరికి తెలుస్తుంది?"

"పిలిచినవాడికి."

"మరదే!"

ఇంకేముంది! ముగ్గురూ నోళ్ళు తెరిచి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తుఫానుని పోలయ్యే పిలిచాడు!

"తుఫానొస్తే వాడి డప్పు తడుస్తుంది, గుడిసె ఎగిరిపోతుంది. వాడెందుకు పిలుస్తాడన్నయ్యా?" అన్నాడు సన్యాసయ్య.

"అక్కడే ఉంది కిటుకు. తన గుడిసె పోయినా ఫరవాలేదనుకున్నాడంటే ఎంత పెద్ద కుట్రో చూడు. చిన్న కుట్రకి ఎవడైనా గుడిసె పోగొట్టుకుంటాడా?"

అయినా గవరయ్య తొందరపడే మనిషి కాదు. మూడు నోళ్ళు కావాలి. తను అనుకున్నది తనే నమ్మేస్తే నాన్న మాట పోతుంది. అంచేత తమ్ముళ్ళని పనికి పొమ్మని తను నూతి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు. ఇంతలో సన్యాసయ్య పశువులశాల నుంచి రొప్పుతూ వచ్చాడు.

"అన్నయ్యా, విన్నావా? తుఫానుని పోలయ్యే పిలిచాడట!"

గవరయ్య కాళ్ళు కడగడం ఆపేశాడు. "నేననుకున్నదే! నీకెవరు చెప్పార్రా?"

"ఎర్రయ్య."

"వాడికెవరు చెప్పారు?"

"అడగలేదు."

"మంచి పని చేశావు. అడగకు. అడిగితే నోరు తగ్గిపోతుంది."

అలా రెండు నోళ్ళు కుదిరాయి. మూడో నోటి కోసం పైడమ్మ దగ్గరికి వెళ్ళారు.

"వదినా, పోలయ్యే పిలిచాడని ఒక్కసారి అను. చాలు" అన్నాడు ఎర్రయ్య.

"అనను. అక్కడ చేను పండి వంగిపోయి ఉంది. నోళ్ళు మూసుకుని చేతులు కదపండి. చేను పోతుంది, కోతకి రండి."

"చూశారా, మన ఇంట్లోకే వచ్చేసింది" అన్నాడు గవరయ్య తమ్ముళ్ళతో, గొంతు తగ్గించి.

"ఏమొచ్చింది?"

"అవతలివాళ్ళ మాట."

పైడమ్మ తల కొట్టుకుని, కొత్త ధాన్యం పోసుకోవాలి కనక ముందు గాదె అయినా ఊడవమని మొగుడి చేతికి చీపురిచ్చింది. గవరయ్య గాదె తలుపు తీసి లోపలికి తల దూర్చాడు. మనసంతా కుట్ర మీదే ఉంది కదా, ఉక్రోషం పట్టలేక, "పిలిచింది పోలయ్యే!" అని ఒక్క అరుపు అరిచాడు.

"పోలయ్యే... పోలయ్యే..." అంది గాదె.

అంతే! చీపురు ఒక మూలా, తను ఒక మూలా. "ఒరే రండర్రా! మూడో నోరు దొరికింది! మనం ఎవరమూ చెప్పకుండానే గాదె చెప్పిందిరా!"

తమ్ముళ్ళు పరిగెత్తుకొచ్చారు. ముగ్గురి తలలూ ఒకేసారి గాదెలో దూర్చారు. "కోతలు వద్దు!" అన్నాడు గవరయ్య. "వద్దు... వద్దు... వద్దు" అంది గాదె. "మోసం!" అన్నాడు ఎర్రయ్య. "మోసం... మోసం..." అంది. "మేం తెలివైనవాళ్ళం!" అన్నాడు సన్యాసయ్య. గాదె అదీ ఒప్పుకుంది. ఇంత తెలివైన గాదెని ఇన్నాళ్ళూ ఉత్త ధాన్యం పోసి నోరు నొక్కేశామే అని ముగ్గురికీ కళ్ళ నీళ్ళు తిరిగాయి.

పైడమ్మ వాళ్ళని పక్కకి నెట్టి తను తల దూర్చింది. "కోయండి!"

"కోయండి... కోయండి..." అంది గాదె.

"విన్నారా? ఇప్పుడేమంటారు?"

గవరయ్య జాలిగా నవ్వాడు. "పిచ్చిదానా, అది నిన్ను వెక్కిరిస్తోంది."

ఇక అక్కణ్ణుంచి ముగ్గురూ పోలయ్య గుడిసెకి బయల్దేరారు. పోలయ్య కప్పు మీద కూర్చుని తాటాకుల్ని తాళ్ళతో బిగిస్తున్నాడు. సన్యాసయ్య అన్న డొక్కలో పొడిచాడు. "చూశావా? చుట్టం వస్తున్నాడని ఇల్లు సర్దుకుంటున్నాడు."

"ఏం పోలయ్యా, నీ తుఫానుని వెనక్కి పంపిస్తావా లేదా?" అన్నాడు గవరయ్య.

పోలయ్య కిందికి చూసి పకపకా నవ్వాడు. "నేను పిలిస్తే మా ఆవిడే పలకదు బాబూ, తుఫాను పలుకుతుందా? టౌను నుంచి కబురొచ్చింది. మునసబుగారు చాటమన్నారు, చాటాను. చేను కోసుకోండి, పొండి."

"మునసబు కూడా ఉన్నాడన్నమాట" అన్నాడు గవరయ్య తిరిగొస్తూ.

"టౌను కూడా ఉంది" అన్నాడు ఎర్రయ్య.

"నవ్వాడు చూడు. తప్పు చెయ్యనివాడు నవ్వుతాడా?"

"ఏడిస్తేనో?"

"దొరికిపోయానని ఏడ్చాడనుకుంటాం."

దారికి రెండు వైపులా ఊరి జనం వంగి కోతలు కోస్తున్నారు. కోసిన పనలు కట్టలు కట్టి ఇళ్ళకి మోస్తున్నారు. తూర్పున ఆకాశం నల్లబడింది. "గొర్రెలు. ఒక్క నోటికి ఎలా పరిగెడుతున్నాయో చూడండి" అన్నాడు గవరయ్య. చూస్తూ చూస్తూ ఉంటే తమ చేతులు కూడా కొడవలి పట్టుకుంటాయేమోనని వాళ్ళకి భయం వేసింది. ఇంటికొచ్చి, ఉన్న మూడు కొడవళ్ళూ నూతిలో పారేశారు. ప్రాణం కుదుటపడింది.

"ఇప్పుడు ఆ తుఫానుని ఏం చేద్దాం? పోలయ్య పంపించనన్నాడుగా" అన్నాడు సన్యాసయ్య.

"ఇష్టంలేని చుట్టం వస్తే ఏం చేస్తాం? తలుపులేసుకుని, ఇంట్లో లేమంటాం."

ఇంకేముంది! ఇంటికి తాళం పెట్టి, ముగ్గురూ ఊరి తూర్పు పొలిమేరకి వెళ్ళి నిలబడి, మేఘాల వైపు చేతులు ఊపుతూ, "మేం ఇంట్లో లేమహో! తిరిగి వెళ్ళిపోండహో!" అని కేకలు పెట్టారు. ఎదురుగాలి రయ్యిమని వచ్చి మొహాన కొట్టింది.

"విన్నది. నిట్టూరుస్తోంది" అన్నాడు గవరయ్య.

వాళ్ళక్కడ గొంతులు పోగొట్టుకుంటుంటే, పైడమ్మ సత్తెమ్మ దగ్గర కొడవలి అడిగి తీసుకుని, ఆమెనీ సాయం పిలిచి, చేను కొసన ఒక మూల కోయడం మొదలుపెట్టింది. ఇద్దరు ఆడవాళ్ళు ఎంతని కోస్తారు? అందినంత కోసి, అక్కడికక్కడే దులిపి, గింజల్ని గంపలకెత్తి సత్తెమ్మ ఇంటి అటక మీదికి చేర్చారు. మిగిలిన చేను అలాగే నిలబడి ఉంది. ఆ నాలుగు గంపల గింజలే ఇక ఆ ఇంటికి దిక్కు.

పొలిమేరలో ఎర్రయ్యకి రెండో ఆలోచన వచ్చింది. "అన్నయ్యా, ఇంట్లో లేమన్నాం బాగానే ఉంది. మన చేను దూరానికి కూడా కనిపిస్తోందే! చేనుంటే మనం ఉన్నట్టేగా?"

గవరయ్య నెత్తిన పిడుగు పడ్డట్టయింది. "పదండర్రా, దాచేద్దాం!"

నిలబడ్డ చేను కనిపిస్తుంది కానీ పడుకున్న చేను ఎవరికి కనిపిస్తుంది? అంతే. పెద్ద తాటిదుంగ ఒకటి తెచ్చి, రెండు చివర్లా తాళ్ళు కట్టి, చేను ఈ గట్టు నుంచి ఆ గట్టుకి లాగారు. మళ్ళీ అటు నుంచి ఇటు లాగారు. బంగారంలాంటి వరి బురదలో కరుచుకుపోయింది. కొసన కోసేసిన మూల చూసి సన్యాసయ్య ఆశ్చర్యపోయాడు. "ఇక్కడ మనకంటే బాగా ఎవరో దాచేశారే!"

తుఫాను వచ్చింది. రెండు రోజులు ఊరిని ఉతికి ఆరేసింది. వెలిసేసరికి నిదానంవారి చేను చెరువైపోయింది. అడుగున గింజలు మొలకలెత్తాయి. కోసుకున్నవాళ్ళ ఇళ్ళలో మాత్రం కొత్త బియ్యం అన్నం ఉడుకుతోంది.

పైడమ్మ గట్టు మీద నిలబడి చేను చూసింది. "ఇప్పుడేమంటావయ్యా?"

గవరయ్య నీళ్ళలో తేలుతున్న గడ్డి వంక చూశాడు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, అతనికి ఇంకో సంగతి తోచబోయింది. కానీ ఈలోగా తమ్ముళ్ళిద్దరూ తన మొహం వంకే చూస్తున్నారు. వాళ్ళకి ఏదో ఒకటి చెప్పాలి.

"చేను పోతుంది, చేను పోతుంది అని అన్నది ఎవరు?" అన్నాడు.

"వదిన" అన్నారు తమ్ముళ్ళు.

"చెప్పినవాళ్ళే తెస్తారని మనం ముందే తేల్చాం కదా."

పైడమ్మకి ఒళ్ళు మండిపోయింది. "ఓహో! చెబితే వచ్చేస్తుందా? అయితే గాదె నిండా ధాన్యం ఉందని చెప్పుకోండి, పొండి! కడుపు నింపుకోండి!" అనేసి విసవిసా ఇంటికి వెళ్ళిపోయింది.

ఇంకేముంది! ముగ్గురి మొహాలూ వెలిగిపోయాయి. "ఇంత సులువని మనకి తట్టలేదే" అంటూ ఒకటే పరుగు. గాదెలో తలలు దూర్చి, "నిండింది!" అని అరిచారు. "నిండింది... నిండింది..." అంది గాదె. మళ్ళీ చూసుకోవడం ఎందుకు? తలుపు మూసి, సందుల్లో పేడా మట్టీ కూరి, పైన నున్నగా అలికేశారు. నిండిన గాదెని ఎవరైనా అలాగే చేస్తారు.

ఇటు పైడమ్మ సత్తెమ్మ అటక మీద ఉన్న నాలుగు గంపలూ తెచ్చి వసారాలో దింపింది. "వీటిని ముట్టుకోకండి. రోకలి తెచ్చుకుని వస్తాను. ఇవాళైనా అన్నం వండుతాను" అని చెప్పి పక్కింటికి వెళ్ళింది.

గవరయ్య మాత్రం దిగులుగా కూర్చున్నాడు. "ఒరే, ఊళ్ళో అందరి ధాన్యం కంటే మనదే ఎక్కువ. గాదె నిండా ఉంది. పోలయ్యా, మునసబూ, టౌనూ, ఇంతమంది మన మీద కన్నేసి ఉన్నారు. ఎత్తుకుపోతేనో?"

నిజమే అనిపించింది. ఎర్రయ్య పక్క ఊరు వెళ్ళి, కర్రసాము తెలిసిన ఇద్దరు మొనగాళ్ళని కాపలాకి పిలుచుకొచ్చాడు. వాళ్ళు గాదెని చూశారు, అలుకు చూశారు, అన్నదమ్ముల్ని చూశారు. "కూలి ముందే ఇవ్వాలి. ధాన్యమే ఇవ్వండి" అన్నారు.

"గాదె తెరిస్తే అలుకు పాడవుతుంది" అన్నాడు సన్యాసయ్య.

"తెరవడమెందుకురా? అదిగో వసారాలో ఏవో నాలుగు గంపలు పడి ఉన్నాయి. అవి ఎత్తివ్వు" అన్నాడు గవరయ్య.

పైడమ్మ రోకలి భుజాన పెట్టుకుని వచ్చేసరికి ఖాళీ గంపలు నాలుగూ బోర్లించి ఉన్నాయి. గాదెకి అటొకడూ ఇటొకడూ మీసాలు దువ్వుతూ, పక్కన మూటలు పెట్టుకుని నిలబడ్డారు. రోకలి భుజం మీది నుంచి జారి కింద పడింది.

గవరయ్య ఆమె భుజం తట్టాడు. "కంగారు పడకే. ఎంత ఖర్చైనా గట్టి కాపలా పెట్టాను. ఇకమీదట ఈ గాదెలోంచి ఒక్క గింజ ఎవడైనా ఎత్తుకుపోగలడేమో చూస్తాను!"