మణికేతుడి మూడు గంటాలు

"ఓరి నాయనోయ్! మాంత్రికుడు చిన్నబాబుని ఎత్తుకుపోతున్నాడర్రోయ్!"

వీధి చివర్నించి ఆ కేక వినపడేసరికి పెద్ద రాకుమారుడు మణికేతుడు మేడమీద కూచుని తన గంటాలు తుడుచుకుంటున్నాడు. గంటమంటే తాటాకు మీద అక్షరాలు గీసే ములుకు, పిల్లలూ. అనగనగా తాళవనమనే రాజ్యం, దానికో రాజు, ఆ రాజుకి ఇద్దరు కొడుకులు. పెద్దవాడికి మూడు గంటాలు: బంగారుదొకటి, దంతం పిడిదొకటి, పగడాలు పొదిగిందొకటి. చిన్నవాడు విశాఖుడికి వట్టి ఇనపది ఒక్కటే. అయితేనేం, వాడు రాస్తే ముత్యాలు పేర్చినట్టు! వీడు రాస్తే కోడి కెలికినట్టు!

"మంత్రాలు నకలు రాయడానికి మంచి దస్తూరీ కావాలన్నాడు, బాబూ," అన్నాడు రొప్పుతూ వచ్చిన తలారి.

"నేనుండగా వాణ్ణా పట్టుకెళ్ళింది!" మణికేతుడి కడుపు భగ్గుమంది. "నా గంటాలు చూడలేదూ వాడు? చూపిస్తానుండు!"

మూడూ నడుముకి దోపుకుని బయల్దేరాడు.

ఏడు సముద్రాలు అడ్డమొచ్చాయి. "దాటిస్తాను, పళ్ళు కుట్టుకోడానికి ఆ దంతపుదిస్తావా?" అంది తిమింగలం. ఏడుస్తూ ఇచ్చాడు. నిప్పుల కొండ అడ్డమొచ్చింది. "దాటిస్తాను, వీపు గోక్కోడానికి ఆ పగడాలదిస్తావా?" అంది గద్ద. ఇంకా ఏడుస్తూ ఇచ్చాడు.

మాంత్రికుడి కోట కిందికి చేరాడో లేదో, కిటికీలోంచి తాటాకొకటి వచ్చి పడింది. అక్కడ బందీగా ఉన్న రాకుమారి హేమరేఖ విసిరింది. "మీ తమ్ముడు రాశాడు!" అంది గుసగుసగా.

చూస్తే ఒక్క అక్షరం లేదు. "ఇంత దూరమొస్తే ఖాళీ ఆకా! వెక్కిరిస్తున్నాడా?" అని చింపబోయాడు.

"ఆగవయ్యా," అంది జామచెట్టు మీది ఉడత. "కాయలు కొట్టుకోడానికి ఆ బంగారుదివ్వు, కిటుకు చెప్తాను."

తమ్ముడేం రాశాడో చూడకపోతే మణికేతుడికి నిద్రపడుతుందా? ఇచ్చేశాడు.

"మసి పుయ్యి!"

అదీ సంగతి. గంటంతో గీసిన ఆకుమీద పసరూ మసీ రుద్దితేగాని అక్షరం కనపడదు. చేతులు మాస్తాయని ఆ పని ఎప్పుడూ నౌకర్లకే వదిలేసేవాడాయె! కోట పెరట్లో బోర్లించిన కుండ అడుగు గీకి, చిక్కుడాకు పసరు కలిపి రుద్దాడు. ముత్యాలు తేలాయి.

"అన్నయ్యా, నువ్వే వస్తావని తెలుసు. మాంత్రికుడి ప్రాణం జామచెట్టు మీది చిలకలో ఉంది. ఇది నువ్వు బాగోలేదని పారేసిన గంటంతోనే రాశాను."

"అయ్యో, అది నాదా!" మణికేతుడికి ఒళ్ళూ మండింది, కళ్ళూ చెమర్చాయి.

చెట్టెక్కి, పండు తింటున్న చిలకని ఒడిసిపట్టి, ముక్కునించి తోకదాకా మసి పూసి వదిలాడు. చిలక కీచుమంది. మాంత్రికుడు తల బయటపెట్టాడు. "ఛీ, నా కోటలో కాకా!" అని రాయి విసిరాడు. అటు చిలక పడింది, ఇటు వాడు పడ్డాడు!

ముగ్గురూ ఇల్లు చేరారు. మణికేతుడికీ హేమరేఖకీ పెళ్ళి కుదిరింది. శుభలేఖలు విశాఖుడు రాశాడు. ఇంకేం, విందుకొచ్చిన వాళ్ళందరిదీ ఒకటే మాట: "ఎంత అందమైన దస్తూరీ!"

పెళ్ళికొడుకు మూతి ముడుచుకుని స్తంభం చాటున నించున్నాడు. విస్తళ్ళు వేశారు, వడ్డించారు, వాడు రాడు. వాడు రాందే ఎవరూ ముద్ద ముట్టరు.

విశాఖుడు వెళ్ళి అన్న చెయ్యి పట్టుకుని పైకెత్తాడు. గోళ్ళసందుల్లో ఇంకా నల్లగా ఉంది. "శుభలేఖలన్నిటికీ మసి పూసింది ఎవరనుకున్నారు? మా అన్నయ్యే! లేకపోతే మీరు చదివేవారా?"

మణికేతుడి మూతి మెల్లగా విచ్చుకుంది. "అవును మరి," అన్నాడు.

"ఆ చేతులు కడుక్కు రండర్రా, పప్పు చల్లారిపోతోంది!" అని కేకేసింది రాణి.

తర్వాత వాళ్ళు నిండు నూరేళ్ళు రాజ్యమేలారు. ఆ పూటకి మాత్రం అన్నదమ్ములు పక్కపక్కన, హేమరేఖ ఎదురుగా, రాజూ రాణీ ఊరూ వరసగా, అందరూ భోజనాలకి కూచున్నారు.