అరటితోటకి వచ్చిన పెళ్ళివారు

ఒకప్పుడు అరటిపండు నిండా గింజలుండేవి. మిరియాల కన్నా పెద్దవి, నల్లనివి, రాళ్ళలాంటివి. పండు తినేది కొంచెంసేపు, ఉమ్మేది చాలాసేపు. సీతాఫలం ఇప్పటికీ అంతే, కానీ దాన్నెవరూ ఏమీ అనరు. ఎవరి అదృష్టం వారిది.

గోదావరి లంకలో అమృతపాణి అనే అరటి ఉండేది. పిల్లలంతా గింజల్లోంచి పుట్టినవాళ్ళు కాబట్టి ఒకరిలా ఒకరుండేవారు కాదు. ఒకతె పొడుగు, ఒకతె పొట్టి, ఒకతె ఉత్త పులుపు. పెద్దకూతురైతే పెంకిఘటం. వేరు దగ్గరికి ఎవరొచ్చినా, "ఎవరు? ఎవరి తాలూకు? ఏం పని?" అని నిలదీసేది. వానపామును కూడా అడిగింది. వానపాము చిన్నబుచ్చుకుని చాన్నాళ్ళు అటు రాలేదు.

ఒకనాడు తోట యజమానురాలు సూరాయమ్మకి గింజ తగిలి పన్ను విరిగింది.

"అమృతపాణీ, నీ పండు అమృతమే. కానీ ఈ గులకరాళ్ళేంటమ్మా! నీ పిల్లలంతా అచ్చం నీలాగే మెత్తగా ఉంటే ఎంత బాగుండును!" అంది.

పొగిడితే పడిపోవడం అరటికి సహజం. గాలికి కూడా అంతే తేలిగ్గా పడిపోతుంది. అమృతపాణి గింజలు మానేసి, కాళ్ళ దగ్గర పిలకలు వేసింది. అన్నీ తల్లి పోలికే. అదే రంగు, అదే తీపి, అదే మెతక మనసు.

పెద్దకూతురికి నచ్చలేదు. "అందరూ నీలాగే ఉంటే, నువ్వు పొరబడిన రోజున కాదనేదెవరే అమ్మా?"

"నేనెందుకు పొరబడతానే? నోర్మూసుకో."

పెద్దకూతురు నోరు మూసుకోలేదు. తన గింజలు మూటగట్టుకుని, గబ్బిలం వీపెక్కి, కొండలకి వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకి ఎవరి కాలిమట్టితోనో మట్టిబూజు తోటలోకి వచ్చి, అమృతపాణి వేరు తట్టింది.

"ఎవరండీ?"

"పెళ్ళివారి తాలూకండి. దాహం వేస్తోందండి."

అరటి శుభకార్యాలకి గుమ్మంలో నిలబడే జాతి. పెళ్ళివారంటే ఏ వైపువారని అడగడం మర్యాద కాదు. ఆడపెళ్ళివారు మగపెళ్ళివారి మనిషనుకుంటారు, వాళ్ళు వీళ్ళ మనిషనుకుంటారు. రెండు బంతుల్లోనూ తిని, పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పి వెళ్ళేవాడు ప్రతి పెళ్ళిలోనూ ఒకడుంటాడు.

"రండి, రండి," అంది అమృతపాణి.

బూజు లోపలికొచ్చి, నీళ్ళు పైకెక్కే మెట్లమీద కూర్చుంది. మళ్ళీ లేవలేదు. చుట్టాలని కూడా పిలిచింది.

"అమ్మా, దాహం!" అన్నాయి కింది ఆకులు, పసుపుపచ్చగా మారుతూ.

"నీళ్ళూ, ఎక్కడున్నావు?" అని కేకేసింది అమృతపాణి.

"నీ కాళ్ళ దగ్గరే ఉన్నానమ్మా," అంది నీరు. "మెట్లనిండా పెళ్ళివారే. దారివ్వడం లేదు."

ఆకులు ఒక్కొక్కటే విరిగి మొదలు చుట్టూ వేలాడాయి. బూజు చుట్టమొకటి పక్క చెట్టు దగ్గరికి వెళ్ళి అదే మాట చెప్పింది. అదీ "రండి, రండి" అంది. ఆ పక్కదీ అంతే. రెండో మాట నేర్చుకోవలసిన అవసరం బూజుకి రాలేదు.

చివరికి తోట మూల ఒక్క పిలక మిగిలింది. అమృతపాణి సూరాయమ్మని పిలిచింది. "దీన్ని నా పెద్దకూతురి దగ్గరికి చేర్చు తల్లీ. నేను పొరబడ్డానని చెప్పు."

అంతే చెప్పి కూలిపోయింది.

సూరాయమ్మ పిలకని చంకనేసుకుని కొండెక్కింది. ఆమె మడమకంటిన మట్టిలో బూజూ ఎక్కింది. పిలకని అక్క పక్కన నాటిందో లేదో, వేరు దగ్గర చప్పుడైంది.

"పెళ్ళివారి తాలూకండి."

పిలక "రం..." అనబోయింది.

"నువ్వుండవే," అంది అక్క. "ఎవరి పెళ్ళండీ?"

"పెళ్ళివారి తాలూకండి," అంది బూజు మళ్ళీ.

"పెళ్ళికూతురి పేరేమిటి? పోనీ, ఏ ఊరు?"

బూజు మెల్లిగా మట్టిలోకి దిగి కూర్చుంది. వెళ్ళిపోలేదు, కూర్చుంది.

అలా పిలక బతికింది. సూరాయమ్మ చెమట తుడుచుకుని, "మీ అమ్మ పొరబడ్డానని చెప్పమందమ్మా," అంది.

"ఇంకేమైనా అందా?"

"లేదమ్మా. అంత వ్యవధి లేకపోయింది."

పెద్దకూతురు తన ఆకొకటి వంచి పిలక మీద నీడ పట్టింది.

అప్పటినుంచే తోట అరటికి గింజలుండవు, పిలకలే ఉంటాయి. ఒక చెట్టుకి వాడు తెగులు తగిలితే తోటంతా వాడిపోతుంది. బూజు ఏళ్ళతరబడి మట్టిలో కాచుకుని ఉంటుంది. కొండ అరటి పండు నిండా ఇప్పటికీ గింజలే, దాన్నెవరూ తినరు. కానీ తోట ఎండిపోయినప్పుడు చదువుకున్నవాళ్ళూ, చదువుకోనివాళ్ళూ తెగులుకి లొంగని గింజ కోసం కొండెక్కి దాని గుమ్మంలోనే నిలబడతారు. అది ముందు వాళ్ళని కాళ్ళు కడుక్కోమంటుంది.