మూడు కడుపుల నొప్పి

అనగనగా, రాజులు కూడా చెంబు పట్టుకుని పరిగెత్తిన కాలంలో, వేగవరమనే రాజ్యం ఉండేది.

ఆ రాజుగారికో నియమం. పొద్దున్నే పులిహోర కలిపించి, గుమ్మడికాయంత ముద్ద పట్టపుటేనుగుకి, కొబ్బరికాయంత ముద్ద గుర్రానికి పెట్టి, ఆ తర్వాతే తను తినేవాడు.

ఒక సోమవారం నుంచి ముగ్గురికీ కడుపునొప్పి పట్టుకుంది.

రాజవైద్యుడు రాజుగారి నాడి పట్టి, "రాజ్యచింత" అన్నాడు. గుర్రాల వైద్యుడు గుర్రం పళ్లు చూసి, "పచ్చిగడ్డి పడలేదు" అన్నాడు. ఏనుగుల వైద్యుడు ఏనుగు చెవి ఎత్తి, "దిష్టి" అన్నాడు. ముగ్గురూ మూడు కషాయాలు కాచారు. ఒకరితో ఒకరు మాట్లాడుకుంటే ఒట్టు!

ఏనుగు కూలబడిపోయింది. రాజుకి కోపమొచ్చింది. "శనివారం పొద్దుగుంకేలోగా అది లేవకపోతే మావటివాణ్ణి రాజ్యం దాటించండి!"

ఆ మాట మావటి పెళ్లాం పోలమ్మ చెవిన పడింది. ఆమె గేదెలకి మందిచ్చే మనిషి. నలుగురిలో నోరు విప్పాలంటే సిగ్గు. అయినా మొగుడి కోసం ముగ్గురు వైద్యుల గడపలూ తొక్కింది.

"అయ్యా, నొప్పి ఎప్పుడు మొదలైంది?"

ముగ్గురూ సోమవారమే అన్నారు.

"మరి మిగతా ఇద్దరినీ అడిగారా బాబూ?"

"గుర్రాలవాడితో నాకు మాటలేమిటే!" అని కసిరాడు రాజవైద్యుడు.

పోలమ్మ తిన్నగా వంటశాలకి పోయింది. "సోమవారం కొత్తగా ఏం చేశావన్నా?"

"కొత్త రాగి గుండిగ వచ్చిందమ్మా. కళాయి పూసేవాడింకా రాలేదు. తళతళలాడుతోందని పులిహోర అందులోనే కలుపుతున్నా" అన్నాడు వంటవాడు.

పోలమ్మ కొంగు చాటునుంచే రాజుతో చెప్పింది. "కళాయి లేని రాగిలో చింతపండు పులుపు విషమవుతుంది. ఇది నా అనుమానమే ప్రభూ. చూసి తేల్చుకోవాలి. రేపు ఏనుగుకీ గుర్రానికీ మట్టికుండలో కలిపిన ముద్ద. తమరికి గుండిగలోది."

"నాకే ఎందుకే?"

"తమరు పడితే నలుగురెత్తుతారు. ఏనుగునెవరెత్తుతారు ప్రభూ?"

శనివారం మధ్యాహ్నానికి ఏనుగు లేచింది. గుర్రం సకిలించింది. రాజు పరిగెత్తాడు.

గోడ అవతలినుంచి కేక వినిపించింది. "తేలింది! గుండిగదే తప్పు! మావటిని వదలండి! కళాయివాణ్ణి పిలవండి! ముందు ఇంకో చెంబు నీళ్లు తెండర్రా!"

రాజు కోలుకున్నాక, వైద్యులు ముగ్గురూ పోలమ్మతో ఒకే చాపమీద కూర్చుని, చూసినవన్నీ చెప్పుకోవాలని ఆజ్ఞ వేశాడు.

"గేదెల మనిషి పక్కనా!" అని మూతి ముడిచాడు రాజవైద్యుడు.

"నొప్పి తోకుందో లేదో చూసి రాదు కదండీ" అంది పోలమ్మ, మెల్లిగా జరిగి చోటిస్తూ.

నీతి: మనిషికైనా మృగానికైనా వైద్యం ఒక్కటే, తెలిసింది పంచుకుని, తెలియనిది పరీక్షించి చూసినవారే నిజమైన వైద్యులు.